గోదావరి సొమ్ము – 6: పైడావారి పదివేలు

మా మామ్మ ట్రంకుపెట్టె అడుగున, కర్పూరం వాసన పట్టిన పట్టుగుడ్డ ముక్కలో, ఒక విక్టోరియా రూపాయి ఉండేది. ఒకపక్క కిరీటం పెట్టుకున్న రాణిగారి బొమ్మ, రెండోపక్క లతల మధ్య 1881 అనే అంకె. ఈ భాగం రాయడానికి కూర్చునే ముందు దాన్ని కంసాలి దగ్గరికి పట్టుకెళ్ళి తూకం వేయించాను. అంచులు అరిగిపోయినా పదకొండున్నర గ్రాముల దగ్గరే ఆగింది ముల్లు. టంకసాల నుంచి వచ్చిన రోజున అది సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. దాన్ని అరచేతిలో పెట్టుకుని లెక్క కట్టుకున్నాను. పదివేల రూపాయలంటే పదివేల తులాలు, 116 కిలోల పైమాట. మూట కడితే ఇద్దరు గట్టి మనుషులు కావిడి వేసుకుని మోయాల్సిన బరువు.

ఆ పదివేల గురించే ఈ భాగం. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు ఆ డబ్బును ఎక్కడ పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పాలి. అది చెప్పాలంటే రాజమండ్రిలో ఒక పంతులుగారి ఇంటికి వెళ్ళాలి.

గత భాగంలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగాం. 1847లో మొదలై 1852కి ఆనకట్ట పూర్తయింది. కాలవలు పారాయి, మాగాణి పెరిగింది. ధాన్యం పడవల్లో కాకినాడ చేరి, అక్కడ నుంచి ఓడలెక్కింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం రాగానే మన పత్తికి కూడా గిరాకీ పుట్టి కాకినాడ రేవు ఒక్కసారిగా పెద్దదైంది. ఒక తరం గడిచేసరికి డెల్టాలో చేతినిండా డబ్బున్న మనుషులు తయారయ్యారు.

ఆ డబ్బు ఎక్కడికి పోయింది? ఎక్కువ భాగం భూమిలోకి పోయింది. కొంత వడ్డీలకి తిరిగింది, కొంత ఆడవాళ్ళ మెడల్లో బంగారమైంది. ధర్మం కోసం తీసిపెట్టిన వాటా సత్రాలకీ, చెరువులకీ, గుడి గోపురాలకీ, వేద పాఠశాలలకీ వెళ్ళింది. ఆ వాటాని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) తమ పొలం పంటంతా దారిన పోయే వాళ్ళకి వండి పెట్టారు. వేళకాని వేళ వరద గోదారి దాటి వచ్చిన వాడికి కూడా ఆ ఇంట్లో విస్తరి పడేది. ఈనాటికీ కోనసీమలో ఆ పేరు చెబితే చేతులెత్తి దండం పెడతారు. అలాంటి ధర్మానికి ఊరంతా తోడు. పెట్టినవాడికి పుణ్యం, తిన్నవాడికి కడుపు నిండటం, చూసినవాడికి సంతోషం.

పైడావారి పదివేలకి అలాంటి తోడు లేదు. ఆ డబ్బు వెళ్ళిన చోటు వితంతువు పెళ్ళి.

అప్పటి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఆరేళ్ళకో ఎనిమిదేళ్ళకో పెళ్ళి. కాపురానికి వెళ్ళకముందే మొగుడు కలరాతోనో మశూచితోనో పోతే, ఆ పిల్ల ఇక బతికినన్నాళ్ళూ పుట్టింట్లో ఓ మూల మనిషి. అగ్రవర్ణాల ఇళ్ళలో, ముఖ్యంగా బ్రాహ్మణుల్లో, అలాంటి పిల్లలు వీధికొకరు ఉండేవారు. కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడి పోరాటం వల్ల 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. మన పాఠ్యపుస్తకాలు ఈ కథని అక్కడే ముగిస్తాయి. చట్టం రెండో సెక్షను మాత్రం మనవాళ్ళు ఎక్కువగా చదవలేదు. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మొదటి భర్త ఆస్తి మీద ఆమెకున్న హక్కూ, మనోవర్తి హక్కూ పోతాయి, ఆమె చనిపోయినట్టే భావించి ఆ ఆస్తి తర్వాతి వారసులకి చేరుతుంది అని అందులో రాసి ఉంది. తలుపు తీసిన చట్టమే గడప దాటే పిల్ల చేతిలోని మూట లాక్కుంది. ఇటు పుట్టింటివాళ్ళు వెలికి భయపడి గుమ్మం తొక్కనివ్వరు. అటు వరుడి ఇంటివాళ్ళు అసలే రానివ్వరు. ఇక ఆ దంపతులకి ఇల్లు ఎవరివ్వాలి, ఉప్పూ పప్పూ ఎవరు కొనిపెట్టాలి?

శాస్త్రంలో పెళ్ళికి అనుమతి ఉందా లేదా అని పండితులు ఎంత వాదించుకున్నా, అసలు చిక్కు అక్కడే ఉందని నా నమ్మకం. పరాశర స్మృతి శ్లోకాలు విద్యాసాగరుడు ఎప్పుడో చూపించాడు. కాని బెంగాల్లో పెళ్ళిళ్ళ ఖర్చు ఆయన నెత్తి మీదే పడింది. చందాలిస్తామని ముందుకొచ్చిన పెద్దమనుషులు చాలామంది సమయానికి మొహం చాటేశారు. ఆయన అప్పులు చేసి పెళ్ళిళ్ళు చేసి, ఆ అప్పులు తీర్చడానికి ఏళ్ళ తరబడి పుస్తకాల రాబడి ధారపోశాడు. మాట ఇచ్చినంత తేలిగ్గా మూట ఇవ్వరని అక్కడే తేలింది.

ఇప్పుడు రాజమండ్రికి వద్దాం. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848 ఏప్రిల్ 16న ఈ ఊళ్ళోనే పుట్టారు. నాలుగేళ్ళకే తండ్రి పోయారు. కోరంగిలో, ధవళేశ్వరంలో బడిపంతులుగా చేసి, తర్వాత రాజమండ్రి కళాశాలలో తెలుగు పండితుడయ్యారు. జీతం తప్ప వెనక చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు, ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. పత్రిక మొదట్లో చెన్నపట్నంలో అచ్చయ్యేది. కాపీ పంపడం, అచ్చయి రావడం, మధ్యలో ఆలస్యాలు పడలేక, కొందరు మిత్రులతో కలిసి డబ్బు వేసుకుని సొంత అచ్చుయంత్రం తెప్పించుకున్నారు. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికంటే దూరదృష్టితో పెట్టిన పెట్టుబడి అదే. ఆ యంత్రం మీద అచ్చయిన పుస్తకాలు డబ్బు తెచ్చాయి. అదే యంత్రం లంచగొండి ఉద్యోగుల గుట్టు బయటపెట్టింది. పరాయివాడి అచ్చుకూటంలో ఆ రాతలు అంత ధైర్యంగా అచ్చయ్యేవి కావు.

డబ్బు గురించి ఆయన ఎంతగా ఆలోచించారో తెలుసుకోవాలంటే రాజశేఖర చరిత్రం చదవాలి. 1878 నుంచి వివేకవర్ధనిలో వచ్చి, 1880లో పుస్తకమైంది. దాన్ని తొలి తెలుగు నవలగా చదువుతారు, గోల్డ్‌స్మిత్ నవల ఛాయ ఉందని చెబుతారు. నేను దాన్ని ఒక ధవళేశ్వరం గృహస్థు జమాఖర్చుల పుస్తకంలా చదువుతాను. రాజశేఖరుడు చెడ్డవాడు కాదు, కలిగినవాడు. కాని పొగిడేవాళ్ళకి పెట్టాడు, ఆడంబరానికి పెట్టాడు, బంగారం చేసి ఇస్తానన్న బైరాగి చేతిలో ఇంట్లో వెండీ బంగారం పోశాడు. బైరాగి ఉడాయించాడు. చివరికి అప్పులపాలై భార్యాబిడ్డలతో ఊరు విడిచి కాశీదారి పట్టాడు. ఆ ఇంట్లో డబ్బుకీ మనసుకీ మధ్య మాటలు లేవు. ఏది నమ్ముతున్నాడో దానికి పైసా వెళ్ళలేదు, దేనికి వెళ్ళిందో దాన్ని అతను ఎప్పుడూ ఆలోచించి నమ్మలేదు.

ఆ నవల సాగుతున్న రోజుల్లోనే, 1879లో, పంతులుగారు రాజమండ్రిలో వితంతు వివాహం మీద బహిరంగంగా ఉపన్యాసాలిచ్చారు. ఊరు రెండుగా చీలింది. పండితులు సభలు పెట్టి ఖండించారు, ఈయన మళ్ళీ సభ పెట్టి జవాబిచ్చారు. విద్యార్థులు ఈయన వైపు చేరారు. న్యాపతి సుబ్బారావు, బసవరాజు గవర్రాజు వంటి కుర్రవాళ్ళ ఉత్సాహం తోడైంది. ఆత్మూరి లక్ష్మీనరసింహంగారు అండగా నిలబడ్డారు. ఉత్సాహం ఉంది, శాస్త్రం ఉంది, చట్టం ఉంది. పెళ్ళి చేయడానికి డబ్బు లేదు. అప్పుడు కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు పదివేల రూపాయలిస్తానన్నారు.

ఆ మనిషిని ఒకసారి ఊహించుకుందాం. వైశ్యుడు, రేవు పట్నంలో పేరున్న వర్తకుడు. రాజమండ్రికి రైలు ఇంకా రాలేదు. కాకినాడ నుంచి కాలవ పడవెక్కి ధవళేశ్వరం చేరి, అక్కడ నుంచి బండిలో రావాలి. రాజమండ్రి పంతులు రాసింది చదివి, విని, ఇది సబబే అనుకున్నాడు. అంతవరకు అనుకున్నవాళ్ళు ఇంకా చాలామందే ఉండి ఉంటారు.

వర్తకుడికి ఉన్న అసలు మూలధనం పరపతి. తెలుగులో ఈ మాట ఎంత లోతైనదో చూడండి. ఊళ్ళో ఉన్న మర్యాదా పరపతే, బజారులో పుట్టే అప్పూ పరపతే. అందుకే తర్వాత రోజుల్లో సహకార సంఘాలకి కూడా పరపతి సంఘాలనే పేరు పెట్టుకున్నాం. ఆ కాలంలో హుండీ చెల్లేది కులంలో మాట చెల్లినంత కాలమే. కులం వెలి వేస్తే పిల్లల సంబంధాలు ఆగుతాయి, వాటితోపాటే సరుకూ సొమ్మూ ఇచ్చిపుచ్చుకోవడాలూ ఆగుతాయి. సత్రం కట్టించిన వర్తకుడి పరపతి పెరుగుతుంది. వితంతు వివాహానికి డబ్బిచ్చిన వర్తకుడు పదివేలతోపాటు పరపతినీ పందెం కాస్తున్నాడు. పైగా ఆ డబ్బు ప్రధానంగా వేరే కులపు ఆడపిల్లల కోసం. ఆయనకి అందులో తిరిగొచ్చే లాభం ఏమీ లేదు. పదివేలతో ఆగలేదు కూడా. ఈ ఉద్యమానికి ఆయన పెట్టినది మొత్తం ముప్పైవేల దాకా ఉంటుందని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. మామ్మ రూపాయి లెక్కలో అది 350 కిలోలు.

1881 డిసెంబరు 11 రాత్రి రాజమండ్రిలో తొలి పెళ్ళి జరిగింది. వధువు గౌరమ్మ, కృష్ణాజిల్లా తిరువూరు ప్రాంతం నుంచి వచ్చిన పసిపిల్ల. వరుడు గోగులపాటి శ్రీరాములు. పిల్లని రహస్యంగా రాజమండ్రి చేర్చడమే ఒక పెద్ద ప్రయాణం. సంగతి పొక్కగానే ఊరంతా అట్టుడికింది. విద్యార్థులు కాపలా కాశారు. మేళతాళాలతో, పోలీసు బందోబస్తు మధ్య పెళ్ళి జరిగింది. నాలుగు రోజులకి డిసెంబరు 15న రెండోది కూడా చేశారు.

వంకాయలవారి వీధిలోని పంతులుగారి ఇల్లు ఇప్పటికీ ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా నా కళ్ళు వంటింటి వైపు పోతాయి. పెళ్ళి అయిన మర్నాటి నుంచి ఆ ఇంటి మీద వెలి పడింది. వంటవాళ్ళు రారు. నీళ్ళు తెచ్చేవాళ్ళు రారు. పురోహితుడు రాడు. పెళ్ళికి వచ్చి భోజనం చేసినవాళ్ళలో కొందరు శంకరాచార్యుల వారి శ్రీముఖానికి భయపడి ప్రాయశ్చిత్తాలు చేయించుకున్నారు. ఆ ఇంట్లో పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు మిగిలారు. బిందె చంకనెత్తుకుని గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చారు. వచ్చినవాళ్ళందరికీ తనే వండారు. పెళ్ళైన జంటలకీ, ఆశ్రయం వెతుక్కుంటూ వచ్చిన వితంతువులకీ ఆ ఇంట్లోనే చాప పరిచారు. పైడావారి డబ్బుతో బియ్యం కొనవచ్చు. ఆ రోజుల్లో రాజమండ్రిలో ఆ ఇంటికి నీళ్ళు మోసే మనిషిని మాత్రం డబ్బు పెట్టి కొనలేకపోయారు. ఆవిడ మోసిన బిందెల్ని కూడా ఈ ఖాతాలో జమ వేయకపోతే లెక్క తప్పుతుంది.

ఆ డబ్బు దేనికి ఖర్చయిందో విప్పి చూస్తే ఉద్యమం అసలు స్వరూపం తెలుస్తుంది. పిల్లని దూరం నుంచి తీసుకురావడానికి దారిబత్తెం. పెళ్ళి ఖర్చు. వధువుకి నగ, బట్ట. ఇల్లు అద్దెకివ్వని ఊళ్ళో ఇల్లు. కులం వెలేసిన జంట కాలూనుకునేదాకా పోషణ. ఉపన్యాసానికి ఒక్క సాయంత్రం చాలు, ఒక పెళ్ళికి మాత్రం ఏళ్ళ పాటు నెలనెలా డబ్బు కావాలి.

ఇందులో చేదు కూడా ఉంది, దాచకూడదు. డబ్బు ఉందని తెలిసిన చోటికి డబ్బు కోసం వచ్చేవాళ్ళూ వస్తారు. పెళ్ళి చేసుకుంటామని వచ్చిన వరుల్లో కొందరి కన్ను వధువు మీద కంటే సాయం సొమ్ము మీద ఎక్కువగా ఉండేది. కొన్ని కాపురాలు నిలవలేదు. సంస్కారం పేరు చెప్పుకు తిరిగే మనిషిని గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కంలో గిరీశంగా నిలబెట్టారంటే, అలాంటి వాళ్ళు ఉత్తరాన విజయనగరంలోనూ, దిగువన గోదావరి ఒడ్డునా కనబడుతుండబట్టే. ఇలా కొన్ని చెడ్డాయని మొత్తం డబ్బే దండగ అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. నేను ఒప్పుకోను. పంతులుగారి చేతుల మీదుగా సుమారు నలభై పెళ్ళిళ్ళు జరిగాయి. నలభై మంది ఆడపిల్లలు మూల గది నుంచి బయటికి వచ్చి సంసారం చేసుకున్నారు. వాళ్ళ పిల్లలూ, పిల్లల పిల్లలూ ఇవాళ ఈ రాష్ట్రంలో ఎక్కడెక్కడో ఉండి ఉంటారు.

తమ సొమ్ము ఏ పని చేస్తోందో అడిగి చూసుకోవడం ఒక్క మన దగ్గరే పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో క్వేకర్లనే క్రైస్తవ శాఖ వాళ్ళు 1758లో ఫిలడెల్ఫియాలో సమావేశమై, బానిసల్ని కొనీ అమ్మీ లాభపడే సభ్యులకి సంఘ వ్యవహారాల్లో చోటు ఉండదని తీర్మానించారు. తప్పుడు వ్యాపారంలోంచి డబ్బు వెనక్కి తీసుకోవడం వాళ్ళు చేసిన పని. రామకృష్ణయ్యగారిది ఇంకో పని. సబబు అనుకున్న దానికి, ఇంకెవ్వరూ పెట్టని సమయంలో, ముందుగా తన డబ్బు తీసుకెళ్ళి పెట్టడం. ఈ రెండూ ఒకే కుదురువి.

ఇప్పటి డెల్టాలో ఈ ప్రశ్న పడవెక్కి కాలవల్లో తిరుగుతూనే ఉంది. భీమవరం చుట్టుపక్కల వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువుకి లీజుకిస్తే వరి మీద వచ్చే కౌలు కంటే ఎన్నో రెట్లు ముడుతుంది. పక్కచేను రైతుకి ఉప్పునీరు ఊరి నేల చౌడవుతుంది, ఆ ఊరి తాగునీటి చెరువు రంగు మారుతుంది. తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పింది. తుందుర్రులో ఆక్వా పార్కు వద్దని ఆడవాళ్ళు రోడ్డెక్కారు. నాకు తెలిసిన ఒక పెద్దాయన తన ఎకరాలు లీజుకివ్వకుండా వరే వేస్తున్నారు. ఎందుకండీ, నష్టం కదా అని అడిగాను. 'మా పక్కచేనాయనా నేనూ ఒకే బోదె నీళ్ళు తాగి పెరిగాం బాబూ' అన్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే ఆయన మనవరాలు మ్యూచువల్ ఫండు కొనేముందు అందులో సారా, సిగరెట్టు కంపెనీలు ఉన్నాయేమోనని జాబితా తీసి చూస్తుందట. తాతది బోదె లెక్క, ఆ పిల్లది జాబితా లెక్క. ఆ ఇంట్లో మనసుకీ డబ్బుకీ మాటలు ఉన్నాయని నాకు సంతోషం వేసింది.

మళ్ళీ పంతులుగారి దగ్గరికి. దాతల డబ్బుతోనే నడిచిన మనిషి అని ఆయన గురించి అనుకుంటే పొరపాటు. ఆయన పాఠ్యపుస్తకాలు, నవల, ప్రహసనాలు, కవుల చరిత్ర బాగా అమ్ముడుపోయేవి. ఆ రాబడి ఇంటికి మేడ కాలేదు. 1890లో రాజమండ్రిలో టౌన్‌హాలు కట్టించారు, సొంత డబ్బుతో. వితంతు వివాహం మీద సభ పెట్టడానికి ఒకప్పుడు చోటు వెతుక్కున్న మనిషి, ఎవరైనా ఏ మాటైనా చెప్పుకోవడానికి ఊరికి ఒక చోటు కట్టిపెట్టారు. తనని తిట్టేవాళ్ళు కూడా అక్కడే నిలబడి తిట్టవచ్చు. ఆ హాలు ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ సభలు జరుగుతాయి. వెనక వరసలో కూర్చుని ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. ఈ గోడల సున్నం ఒక పండితుడి పుస్తకాల అమ్మకమే కదా అని అప్పుడప్పుడు తోచి ఒళ్ళు పులకరిస్తుంది.

తర్వాత వితంతువులకి శరణాలయం, బడి, తోట. ఆ దంపతులకి పిల్లలు లేరు. అలాంటి ఇంట్లో అప్పటి ఆచారం దత్తత తీసుకోవడం. పేరు నిలబడాలి, ఆస్తి ఇంటిపేరు దాటకూడదు, తద్దినం పెట్టే కొడుకు కావాలి. 1906లో పంతులుగారు హితకారిణి సమాజం పెట్టి యావదాస్తినీ దానికి రాసిచ్చారు. అప్పటికి ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. దానం అనేది ఏటా కొంత తీసి ఇచ్చేది. ఇది అలాంటిది కాదు. ఇల్లూ, తోటా, కూడబెట్టినదీ అన్నీ ఒక్కసారి తన పేరు నుంచి తీసేసి, తను నమ్మిన పనుల పేర రాశారు. మిగిలిన పదమూడేళ్ళూ, తను ఇచ్చేసిన ఆస్తికి తనే కావలిమనిషిలా పనిచేశారు.

పైడావారి వెండికీ దీనికీ మధ్య పాతికేళ్ళు. కాకినాడలో పైడావారి పేరు చదువుల బళ్ళ మీద ఈనాటికీ వినబడుతుంది. అయినా వితంతు వివాహాల కథ చెప్పేటప్పుడు మనం పంతులుగారి పేరు ఒక్కటే చెప్పి ఊరుకుంటాం. ఆయన ఆత్మకథ, స్వీయచరిత్రము, రెండు భాగాల్లో అచ్చయి ఉంది. అందులో ఎవరు ఏమిచ్చారో, ఎవరు వెనక్కి తగ్గారో, ఎవరు చివరిదాకా నిలిచారో రాసుకుంటూ వెళ్ళారు. ఆ పుస్తకం చదివితే రామకృష్ణయ్యగారిని మరిచిపోలేం.

రాజ్యలక్ష్మమ్మగారు 1910 ఆగస్టులో పోయారు. పంతులుగారు 1919 మే 27న చెన్నపట్నంలో కన్నుమూశారు. రాజమండ్రి ఆనందతోటలో ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి. నేను చివరిసారి వెళ్ళినప్పుడు వేసవి మధ్యాహ్నం, తోటమాలి గొట్టంతో నీళ్ళు పెడుతున్నాడు, మామిడి ఆకుల మీంచి చుక్కలు రాతి మీద పడుతున్నాయి. ఆ నేలని వాళ్ళిద్దరూ అప్పటికే హితకారిణికి ఇచ్చేశారు. పడుకున్న నాలుగడుగులూ కూడా వాళ్ళ పేరున లేవు.

(వచ్చే భాగం: పిఠాపురం కోట ఖజానా)